కుక్క పేగుకి ఒంటి వరస కుట్టు వేశారు, నాలుగో రోజు ఊడింది. రెండు వరసలు వెయ్యాల్సిందా?

మహేంద్రతనయ_గట్టు
మాది పర్లాకిమిడి. మా నల్లోడికి నాలుగేళ్లు, ఊరకుక్కకీ లాబ్రడార్‌కీ పుట్టినవాడు, 22 కిలోలు. మొన్న సావిత్రి అమావాస్యకి వీధిలో ఆడవాళ్లంతా పళ్ల మీదే ఉన్నారు కదా, మర్నాటికి వీధి చివర మామిడి టెంకలు కుప్పలు. వీడు ఒకటి మింగేశాడు. మాకు తెలీదు. వాంతులు మొదలైతే ఎండ దెబ్బ అనుకున్నాం. ఎల్.ఐ. (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) గారు మూడు రోజులు వాంతుల ఇంజెక్షనూ సెలైనూ ఇచ్చారు. తగ్గినట్టే తగ్గింది. ఐదో రోజుకి తాగిన నీళ్లు కూడా నిలవలేదు. మూడో రోజు తీసిన ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, ఇప్పుడు స్కానింగ్‌లో దొరికింది. ఆరో రోజు సాయంత్రం ఆపరేషన్. పేగు నల్లబడిందని ఓ జానెడు కోసేసి రెండు కొసలూ కలిపి కుట్టారు.

మూడు రోజులు బాగున్నాడు, తోక కూడా ఊపాడు. నాలుగో రోజు పొద్దున్న లేవలేదు. ఒళ్లు కాలిపోతోంది, పొట్ట మీద చెయ్యేస్తే మూలుగుతున్నాడు. మళ్లీ తెరిచారు. కుట్టు ఓ పక్క విడిపోయి పేగులోది పొట్టలోకి కారిందట. కడిగి, ఇంకొంచెం పేగు తీసేసి మళ్లీ కలిపారు. ఇవాళ్టికి రెండో రోజు. బతికున్నాడు. అంతకు మించి చెప్పలేను.

మా బావమరిది మనుషుల ఆస్పత్రిలో థియేటర్ అసిస్టెంటు. "పేగుకి ఎప్పుడూ రెండు వరసలు వెయ్యాలి, కుక్కే కదా అని ఒంటి వరసతో సరిపెట్టేశారు" అంటున్నాడు. నిజమేనా? ఆస్పత్రి పేరు మాత్రం అడక్కండి. గొడవకి రాయట్లేదు, తెలుసుకుందామని.

కాశీనగర్_కుర్రాడు
ముందు నల్లోడు లేవాలి. రెండోది, మీ బావమరిదిలాంటోళ్లు ఇంటికొకరుంటారు గురూగారూ. మా మావయ్య కోర్టులో ప్యూను. జడ్జిగారి కంటే ముందే తీర్పు ఇచ్చేస్తాడు.

సూది_దారం
నేను రాయగడ జిల్లాలో పశువైద్యుణ్ణి, భువనేశ్వర్‌లో చదువుకున్నా. ఆ ఆపరేషన్ నేను చూడలేదు కాబట్టి దాని మీద తీర్పు చెప్పను. కుట్టు గురించి మాత్రం చెప్తా.

కుక్క చిన్నపేగుకి ఒంటి వరసే సరైన పద్ధతి. ఇది ఖర్చు తగ్గించుకోడానికి పుట్టింది కాదు. పేగుకి నాలుగు పొరలు. లోపల జిగురు పొర, దాని కింద సబ్‌మ్యూకోసా, ఆపైన కండ, అన్నిటికంటే పైన నున్నటి పలుచటి పొర. దారాన్ని నిలబెట్టేది ఆ రెండోదే. మిగతా మూడింటికీ దారాన్ని పట్టి ఉంచే సత్తా లేదు. సూది ఆ పొరని పట్టుకుందా లేదా అన్నదే అసలు సంగతి. పట్టుకుంటే ఒక వరస చాలు. పట్టుకోకపోతే మూడు వరసలు వేసినా ఊడుతుంది.

దీన్ని రుజువు చేసింది హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్, 1887లో, కుక్కల పేగుల మీదే. సూది మొన ఆ పొర దగ్గరికి రాగానే కాస్త అడ్డు తగిలినట్టు చేతికి తెలుస్తుందని అప్పుడే రాశాడు. ఇప్పటికీ జూనియర్లకి నేను చెప్పేది అదే, కంటితో కాదు వేలితో చూడమని.

రెండు వరసలు వేస్తే ఏమవుతుందంటే, రెండోది అంచుల్ని లోపలికి మడుస్తుంది. 22 కిలోల కుక్క పేగు దారి వేలంత ఉంటుంది. అందులో చుట్టూ మడత పడితే మిగిలే దారెంత? మీ బావమరిదిగారు చూసేవి మనుషుల పేగులు, వాటికి చోటుంది. పైగా మనుషుల్లో కూడా ఇప్పుడు చాలామంది ఒంటి వరసే వేస్తున్నారు.

బోటీ_కొట్టు_రాజు
డాక్టరు బాబూ, మీరు చెప్పిన పొర మా అందరికీ తెలుసు, పేరే తెలీదు. బోటీ కడిగేటప్పుడు పేగు తిరగేసి కత్తి వెనకతో గీస్తే లోపలిది జావలా ఊడొచ్చేస్తాది. పైది గోటితో లాగినా వచ్చేస్తాది. మజ్జిన మిగిలేది తెల్లగా, కాయితంలాగ పల్చన. దాన్ని సాగదీసి చూడండి, చెయ్యి నొప్పెట్టాలి గానీ తెగదు.

సూది_దారం
రాజుగారూ, ఇంతకంటే బాగా నాకు కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు. ఇంకో మాట. పాతకాలం కుట్టు దారం క్యాట్‌గట్‌ని మీరన్న ఆ తెల్ల పొరతోనే చేసేవారు, గొర్రె పేగుది. పేగుని పేగుతోనే కుట్టడం అన్నమాట.

కాశీనగర్_కుర్రాడు
మరి పిల్లి పేరెందుకెట్టారు? పిల్లి పేగు కాదా అది?

సూది_దారం
కాదు. పిల్లికి దాంతో ఏ సంబంధమూ లేదు, ఊరికే పేరు పడింది.

పాత_స్టెతస్కోపు
గుణుపురంలో ఉంటాను. రిటైరై పదకొండేళ్లు. సూది_దారం గారు చదువుకున్నవారు, కాదనను. కానీ ముప్ఫయ్యేళ్లు నేను రెండు వరసలే వేశాను, క్రోమిక్ క్యాట్‌గట్‌తో. ఆవులకి, మేకలకి, ఓ ఇరవై ముప్ఫై కుక్కలకి. నారో గేజ్ రైల్లో నౌపడా నుంచి గుణుపురం దాకా బుట్టలో కుక్కపిల్లని పెట్టుకొచ్చి ఆపరేషన్ చేయించుకుని వెళ్లినవాళ్లున్నారు. లెంబర్ట్ కుట్టు 1826 నుంచి ఉంది. అంచుల్ని లోపలికి మడిచి, పై పొరకి పై పొర ఆనించడం. పై పొరలు గంటల్లో అతుక్కుంటాయి. రెండొందల ఏళ్లు నిలబడిన పద్ధతిని ఒక్క మాటతో తీసిపారేస్తే ఎలా?

సూది_దారం
గురువుగారూ, తీసిపారెయ్యలేదు. పొట్టసంచికి నేనూ రెండు వరసలే వేస్తాను, రెండోది లోపలికి మడిచే. అక్కడ చోటుంది. ఆవు పేగుకీ చోటుంది. నేనన్నది కుక్క చిన్నపేగు గురించే. ఇంకో మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. ఆ ఇరవై ముప్ఫై కుక్కల్లో పదో రోజు చూపించుకోడానికి ఎన్ని తిరిగొచ్చాయి? పోయినవాటి యజమాని మళ్లీ మన గుమ్మం తొక్కడు కదా. మనం బాగుపడిందనుకుంటాం.

పాత_స్టెతస్కోపు
అది నిజమే. లెక్క రాసిపెట్టుకోలేదు. సగం మంది ఊళ్లో వాళ్లు కాబట్టి తెలిసేది, మిగతావి తెలీదు.

గరివిడి_పీజీ
గరివిడి వెటర్నరీ కాలేజీలో సర్జరీ పీజీ చేస్తున్నా. లెక్క రాసిన వాళ్లున్నారు సర్. 2003లో అమెరికాలో వచ్చిన పేపర్ ఒకటి మాకు సెమినార్‌కి ఇచ్చారు. పదేళ్ల కేసులు తిరగేశారు. పేగు కోసి కలిపిన 90 కుక్కల్లో 13కి లీకయింది. 25 పిల్లుల్లో ఒక్కదానికీ కాలేదు.

లీకైనవాటిలో ఎక్కువగా కనిపించినవి మూడు. ఆపరేషన్‌కి ముందే పొట్టలో ఇన్ఫెక్షన్ ఉండటం, రక్తంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు 2.5 గ్రాములో అంతకంటే తక్కువో ఉండటం, మింగిన వస్తువు వల్ల ఆపరేషన్ అవసరపడటం. ఈ మూడింట్లో రెండున్నా జాగ్రత్తపడమన్నారు. ఎవరు కుట్టారు, ఎన్ని వరసలు అన్నది ఆ మూడింట్లో లేదు.

నాలుగో రోజు అన్నారు చూడండి, అది కూడా పుస్తకంలో ఉన్నట్టే. మొదటి మూడు నాలుగు రోజులు పేగుని పట్టి ఉంచేది దారమే, కొత్త కండ ఇంకా పుట్టదు. పైగా అంచుల్లో ఉన్న పాత పీచుని శరీరమే కరిగిస్తుంది. అందుకే మూడు నుంచి ఐదు రోజుల మధ్య అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. ఊడేవి ఎక్కువగా అప్పుడే ఊడతాయి. అది దాటితే గబగబా బలం వస్తుంది, రెండు వారాలకి ఇంచుమించు మామూలే.

మహేంద్రతనయ_గట్టు
అమ్మా, రిపోర్టు తీసి చూశాను. మొదటి ఆపరేషన్ ముందు అల్బుమిన్ 2.1. ఆ అంకె పక్కన బాణం గుర్తు కిందికి ఉంది, అప్పుడు దాన్నెవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

గరివిడి_పీజీ
ఆరు రోజులు తిండి లేదు, పేగు వాచి లోపలికి కారుతోంది, అల్బుమిన్ పడిపోతుంది సర్. డాక్టరుగారు చూసే ఉంటారు. చూసినా, నల్లబడిన పేగుని లోపల పెట్టుకుని అల్బుమిన్ పెరిగేదాకా ఆగలేరు కదా.

జయపురం_జ్యోతి
ఏ దారంతో కుట్టారో బిల్లులో రాసుంటుంది, చూడండి అన్నయ్యా. మా కుక్కకి కూడా మొదట పేరు చెప్పలేదు, బిల్లులో దొరికింది.

మహేంద్రతనయ_గట్టు
చూశాను. మొదటిసారి "క్రోమిక్ 2-0" అని ఉంది. రెండోసారి "పి.డి.ఎస్. 3-0".

సూది_దారం
ఆ. ఇప్పుడు మాట్లాడుకోవాల్సింది ఇది. వరసల గురించి కాదు, దారం గురించి.

క్రోమిక్ క్యాట్‌గట్ మాంసకృత్తు. పేగు రసాల్లో, చీములో అది తొందరగా కరిగిపోతుంది. మామూలు చోట రెండు వారాలు నిలబడేది అక్కడ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. పి.డి.ఎస్. అలా కాదు, అది కృత్రిమ దారం, నీళ్లతో నెమ్మదిగా కరుగుతుంది, రెండు వారాల తర్వాత కూడా బలం చాలావరకు ఉంటుంది. పైగా ఒంటి పోగు, నున్నగా జారుతుంది, పేగుని కొయ్యదు. 2-0 అంటే 3-0 కంటే లావు. ఆ పేగుకి అంత లావు దారం అక్కర్లేదు.

అలాగని తప్పు వాళ్లదే అని నేను రాయను. జిల్లాల్లో సాయంత్రం ఆరు దాటాక మందుల షాపులో దొరికేది క్రోమిక్కే. పి.డి.ఎస్. పొట్లం ధర దానికి ఎన్నో రెట్లు. నా బీరువాలో ఇవాళ రెండే ఉన్నాయి, ఒకటి ఎక్స్‌పైరీ దగ్గరకొచ్చింది.

పాత_స్టెతస్కోపు
ఇది ఒప్పుకుంటాను. క్యాట్‌గట్ విషయంలో మీదే రైటు. మాకు అప్పట్లో వేరేది లేదు. రెండో వరస ఎందుకు వేసేవాళ్లమో ఇప్పుడు అర్థమవుతోంది. మొదటి వరస దారం మీద నమ్మకం లేక.

కాశీనగర్_కుర్రాడు
పెద్దాయన ఒప్పుకున్నాడు. ఇవాళ వంశధారకి వరదొచ్చేస్తుంది.

నేను_కుక్కల_పక్షం
అందరూ హాల్‌స్టెడ్ గురించి గొప్పగా చెప్తున్నారు. ఆ పొర గట్టిదని తెలియడానికి ఎన్ని కుక్కల్ని కోశాడు? అవి ఎవరి నల్లోళ్లు?

సూది_దారం
న్యాయమైన ప్రశ్నే. పేగు శస్త్రచికిత్స చరిత్రంతా కుక్కల మీదే రాశారు. బిల్‌రోత్ 1881లో వియన్నాలో మనిషి కడుపులో క్యాన్సర్ పట్టిన భాగం కోసి తీసి బతికించాడు, అంతకు ముందు ఆయన శిష్యులు కుక్కల మీద చేసి చూశాకే. పావ్లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది కూడా కుక్కల జీర్ణరసాల మీద పనికే, గంట కొట్టడానికి కాదు. ఆ కుక్కలు పడ్డ బాధ తక్కువ కాదు. దాన్ని నేను సమర్థించను.

ఇప్పుడు మన దేశంలో అలా కుదరదు. జంతుహింస నివారణకి 1960 చట్టం, ప్రయోగాలకి 1998 నియమాలు ఉన్నాయి. ఏ ప్రయోగానికైనా కమిటీ అనుమతి కావాలి. కొత్తగా వచ్చే పేపర్లలో చాలావరకు ఆస్పత్రికి జబ్బుతో వచ్చిన కుక్కల రికార్డులవే. లేదా వేరే కారణానికి చనిపోయినవాటి పేగుల మీద చేసినవి. గరివిడి అమ్మాయి చెప్పిన 90 కుక్కలూ రోగులే, ఎవరో ఒకరు కారులో తీసుకొచ్చినవే.

నేను_కుక్కల_పక్షం
సరే. కానీ "చరిత్ర కాబట్టి" అని వదిలేస్తే నచ్చదు నాకు. ఈ మాట ఇక్కడ ఉండనీండి.

బోటీ_కొట్టు_రాజు
నేను మేకలు కొట్టేవోణ్ణి, నాకు మాటాడే హక్కు లేదు గానీ, ఈ అమ్మ సెప్పింది నిజమే.

సిరొంచ_శీను
మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. మీరందరు మామిడి టెంక అంటున్నరు గానీ మా కుక్కపిల్లది ఇంకో కథ. మూడు నెల్లప్పుడు రక్త విరేచనాలు అయినయ్, పార్వో వైరస్ అన్నరు. ఎట్లనో బతికింది. వారమయినంక మల్లా వాంతులు. మందు పని చేస్తలేదు. మా డాక్టర్ సారు పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఇగ చూడు, పెసరట్టు చుట్టినట్టు తగుల్తలేదా" అన్నడు. నిజంగనే తగిలింది. పేగుల పేగు దూరిందట, చొక్కా చెయ్యి లోపలికి మడిచినట్టు.

నాగ్‌పూర్ పోతె పొద్దుగూకుతది. కాళేశ్వరం బ్రిడ్జి దాటి వరంగల్ దిక్కు ఉరికినం. ఆడ పొట్ట కోసి ఆ మడతను తీసిన్రు. ఎట్ల తీసిన్రో తెలుసా, లాగలే. కింద నుంచి పిసుకుకుంట మీదికి తోసిన్రు, పేస్టు గొట్టం లెక్క. లాగితె చిరుగుతదట. కొంచెం భాగం పాడయింది, అది కోసేసిన్రు.

గరివిడి_పీజీ
సరిగ్గా అలాగే చెయ్యాలి. పిల్లల్లో పార్వో, నులిపురుగుల తర్వాత ఇది తరచూ వస్తుంది, చిన్నపేగు పెద్దపేగులోకి దూరుతుంది. మళ్లీ దూరకుండా పేగు మడతల్ని పక్కపక్కన పెట్టి కుట్టేసే పద్ధతి ఒకటుంది. దాని మీద మా డిపార్ట్‌మెంట్‌లో రెండు పార్టీలు. కుట్టాలనేవాళ్లు ఒకరు, కుడితే ఆ కుట్ల దగ్గరే అడ్డం పడుతుందనేవాళ్లు ఇంకొకరు. మీవాడికి కుట్టారా?

సిరొంచ_శీను
కుట్టలే. ఇప్పుడు రెండేండ్లది. దొంగలను తప్ప అందర్నీ కరుస్తది.

బరంపురం_పద్మ
ఈ థ్రెడ్‌లో ఇది రాయచ్చో లేదో, రాస్తున్నా. మాది జర్మన్ షెపర్డ్. రాత్రి అన్నం తిని వాకిట్లో పరుగెత్తాడు. గంటకి పొట్ట డోలులా ఉబ్బింది, వాంతి చేసుకోవాలని చూస్తున్నాడు, నురగ తప్ప ఏమీ రాలేదు. కడుపు మెలి తిరిగిపోయిందట. రాత్రికి రాత్రి తెరిచి మెలి విప్పి, కడుపుని కుడిపక్క పొట్టగోడకి కుట్టేశారు. అలా కుట్టకపోతే సగానికి పైగా కుక్కల్లో మళ్లీ తిరుగుతుందన్నారు, కుడితే చాలా అరుదట. పెద్ద ఛాతీ కుక్కలున్నవాళ్లు తెలుసుకుంటే మంచిది. ఆడకుక్కకి గర్భసంచి తీసే ఆపరేషన్ చేసేటప్పుడే ముందుజాగ్రత్తగా ఇది కూడా చేయించుకునేవాళ్లున్నారట.

ఇంకోటి, మేం మెడ నొప్పెట్టకూడదని తిండి గిన్నె స్టూలు మీద పెట్టేవాళ్లం. ఆ డాక్టరమ్మ తిట్టింది. అమెరికాలో పర్‌డ్యూ యూనివర్సిటీ వాళ్లు పెద్ద జాతి కుక్కల్ని ఏళ్ల తరబడి గమనిస్తే ఎత్తులో పెట్టిన గిన్నెకే మెలిక ఎక్కువ కనిపించిందట. స్టూలు మా అత్తగారికిచ్చేశాను, కూరలు తరగడానికి.

కాశీనగర్_కుర్రాడు
ఒక్కో కుక్క ఒక్కో చరిత్ర. మా ఇంట్లో ఉన్నది రబ్బరు చెప్పు మింగి మర్నాడు వెనక నుంచి సైజు నంబరుతో సహా ఇచ్చేసింది.

మహేంద్రతనయ_గట్టు
రబ్బరు చెప్పు ముక్క ఎక్స్‌రేలో కనిపిస్తుందేమో గానీ మా టెంక కనబడలేదు. అసలు అక్కడే రెండు రోజులు పోయాయి. ఎక్స్‌రే క్లియర్ అన్న మాటకి ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చేశాం.

సూది_దారం
టెంక, మొక్కజొన్న కండె, గుడ్డపీలిక, ఇవి ఎక్స్‌రేలో నేరుగా కనబడక్కర్లేదు. వాటి వెనక పేగు ఎంత ఉబ్బిందో చూడాలి. నడుము దగ్గర ఐదో వెన్నుపూస ఎత్తుకి పేగు వెడల్పు 1.6 రెట్లు దాటితే అడ్డం ఉందేమో అని అనుమానించమంటారు. ఫిల్మ్ మీ దగ్గరుంటే స్కేలు పెట్టి మీరే కొలవచ్చు.

ఇంకో మాట, నొప్పించడానికి కాదు. వాంతుల ఇంజెక్షన్ అంటే చాలాచోట్ల మెటోక్లోప్రమైడే. అడ్డం ఉన్న పేగుని అది ఇంకా గట్టిగా నెట్టిస్తుంది. అడ్డం లేదని తేలేదాకా దాని జోలికి వెళ్లకూడదు. వాంతి ఆగితే జబ్బు తగ్గిందనుకుంటాం, లోపల పేగు నల్లబడుతూ ఉంటుంది.

మహేంద్రతనయ_గట్టు
కొలిచాను. మా అమ్మాయి జామెట్రీ బాక్సులో స్కేలుతో. పూస 14 మిల్లీమీటర్లు, పేగు 31. ఆ ఫిల్మ్ మూడో రోజుది.

సూది_దారం
రెండు రెట్ల పైన.

పాత_స్టెతస్కోపు
బాబూ, ఎల్.ఐ. మీద గానీ ఎక్స్‌రే తీసినవాళ్ల మీద గానీ కోపం పెట్టుకోకు. మూడు బ్లాకులకి ఒక్కడు తిరుగుతాడు, బండికి పెట్రోలు తన జేబులోంచే. నేను అలా తిరిగినవాణ్ణే.

మహేంద్రతనయ_గట్టు
కోపం వాళ్ల మీద లేదు మాస్టారూ. ఎక్కడుందో నాకే తెలీడం లేదు.

జయపురం_జ్యోతి
ఒక హెచ్చరిక. నొప్పికని ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు వెయ్యకండి. మా నాన్న మా కుక్క కుంటుతోందని తన డైక్లోఫెనాక్ మాత్ర నాలుగు రోజులు వేశారు. నల్లటి విరేచనాలు, కడుపులో పుండు పడి చిల్లు. ఆపరేషన్ చేసినా దక్కలేదు. ఇదంతా ఆయనకి చెప్పలేదు, వయసు మీద పడి పోయిందని చెప్పాం.

బరంపురం_పద్మ
అయ్యో. మంచి పని చేశారు జ్యోతీ, చెప్పకపోవడం.

మహేంద్రతనయ_గట్టు
రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, కుట్టాక లీకవుతుందో లేదో అక్కడే తెలుసుకునే దారి లేదా? సైకిల్ ట్యూబుకి పంక్చరు వేశాక నీళ్లలో ముంచి చూస్తాడు కదా. రెండు, స్టేప్లర్‌తో చేస్తే మేలని మా బావమరిది కొత్తగా ఎత్తుకున్నాడు.

కాశీనగర్_కుర్రాడు
బావమరిది మళ్లీ వచ్చాడు.

గరివిడి_పీజీ
పంక్చరు పరీక్ష ఉంది సర్, అచ్చం అదే. కుట్టిన చోటికి రెండు పక్కలా వేళ్లతో పేగుని మూసి, మధ్యలోకి సన్నటి సూదితో సెలైన్ ఎక్కిస్తారు. ఎంత ఎక్కించాలన్నది కూడా కొలిచారు, 2010లో. పది సెంటీమీటర్ల పేగు ముక్కకి వేళ్లతో మూస్తే 16 నుంచి 19 మిల్లీలీటర్లు, క్లాంపులతో మూస్తే 12 నుంచి 15. అంతకంటే ఎక్కువ ఎక్కిస్తే మంచి కుట్టయినా కారొచ్చు. కానీ ఆ రోజు కారకపోయినంత మాత్రాన నాలుగో రోజు కారదని కాదు. ఆ రోజు గట్టిగా ఉన్న అంచు తర్వాత చచ్చిపోవచ్చు.

కుట్టు మీద పేగుల పైనుండే కొవ్వు తెర కప్పి వదిలేస్తాం. అది అతుక్కుని చిన్న చిల్లుల్ని మూసేస్తుంది, రక్తం కూడా తెస్తుంది. ఖర్చు లేనిది.

స్టేప్లర్ సంగతి. పొట్టలో ముందే చీముంటే చేతికుట్టు కంటే స్టేప్లర్ తక్కువ ఊడుతుందని కొన్ని పేపర్లలో వచ్చింది. లేనప్పుడు పెద్ద తేడా కనబడలేదు. ఒక్కో కార్ట్రిడ్జ్ ధర చూస్తే మా కాలేజీలో కూడా తాళం వేసిన అల్మారాలోనే ఉంటుంది.

పాత_స్టెతస్కోపు
కొవ్వు తెర మాటకి వంద మార్కులు. మేం వేసేవాళ్లం, పేపర్లు చదవకుండానే.

సూది_దారం
కొసరు ఒకటి. రెండో ఆపరేషన్ తర్వాత మళ్లీ అనుమానం వస్తే, పొట్టలో నీళ్లు సూదితో తీసి షుగర్ మిషన్‌లో ఒక చుక్క వేసి చూస్తారు. అదే నిమిషంలో చెవి రక్తం షుగరూ చూస్తారు. పొట్టనీళ్లలో 20 పైగా తక్కువుంటే క్రిములు తినేస్తున్నట్టు. మీ ఇంట్లో మీ నాన్నగారికి వాడే మిషనే.

గరివిడి_పీజీ
సర్, ఆపరేషన్ అయ్యి డ్రెయిన్ (పొట్టలో నీళ్లు బయటికి లాగే గొట్టం) ఉన్న కుక్కల్లో ఆ లెక్క అంత నమ్మకంగా ఉండదని తర్వాత వచ్చింది. మొదటిసారి వచ్చినవాటికే బాగా పనికొస్తుంది.

సూది_దారం
నిజమే, సరిదిద్దినందుకు థాంక్స్. మహేంద్రతనయ గారూ, డ్రెయిన్ ఉంటే దాన్ని పట్టించుకోకండి, జ్వరం, తిండి, లేచి తిరగడం చూడండి.

మహేంద్రతనయ_గట్టు
డ్రెయిన్ ఉంది. తిండి విషయంలోనే ఇంట్లో యుద్ధం. డాక్టరు పన్నెండు గంటల తర్వాత కొంచెం కొంచెం పెట్టమన్నారు. మా అమ్మ ఒప్పుకోదు. పేగు కోసినవాడికి ఐదు రోజులు లంఖణమే అంటుంది. దాని గిన్నె తీసుకెళ్లి దేవుడి గది పక్కన దాచేసింది.

గరివిడి_పీజీ
పెట్టండి సర్, వాంతి లేకపోతే. పేగు లోపలి పొర తిండిలోంచే బతుకుతుంది. పస్తు ఉంచితే అతుకు ఆలస్యమవుతుంది. ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం, రోజుకి ఐదారుసార్లు, ఒక్కోసారి రెండు మూడు చెంచాలు.

సిరొంచ_శీను
మా దాన్కి గుడ్డు తెల్లసొన పెట్టమన్నరు. గది మస్తు తిన్నది.

పాత_స్టెతస్కోపు
లంఖణం మేమూ పెట్టించేవాళ్లం. అది తప్పని నేర్చుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అమ్మగారికి నా నమస్కారం చెప్పి, గుణుపురం ముసలి డాక్టరు పెట్టమన్నాడని చెప్పు. పెద్దవాడి మాటంటే వింటుంది.

మహేంద్రతనయ_గట్టు
ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను. ఇవాళ్టికి ఏడో రోజు. ఐదో రోజు రాత్రంతా వాడి పక్కనే పడుకున్నాను, గంటకోసారి ముక్కు తడిమి చూసుకుంటూ. ఏమీ కాలేదు. నిన్న డ్రెయిన్ తీసేశారు. మెడకి కట్టిన కోన్‌తో గుమ్మాలన్నీ గుద్దుకుంటూ తిరుగుతున్నాడు.

అమ్మే తినిపిస్తోంది. మాస్టారు పేరు చెప్పగానే గిన్నె బయటికొచ్చింది. నిన్న పఖాళ (నీళ్లల్లో నానేసిన అన్నం) చేస్తే దాని వాసనకి లేచి వంటింటి గుమ్మం దాకా నడిచాడు. డాక్టరుని అడిగితే ఇప్పుడే వద్దన్నారు.

మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికొస్తే, ఆ ఆపరేషన్ చేసిన డాక్టరుతోనే మాట్లాడాను. మీరు రాసినవి అడిగాను. ఆయన బిల్లు చూసి, "ఆ రాత్రి నా దగ్గర ఉన్న దారం అదే, రేపటికి తెప్పిద్దామంటే కుక్క ఉండేది కాదు" అన్నాడు. ముఖం దించుకోలేదు, అలాగని ఎగరలేదు. రెండోసారి పి.డి.ఎస్. తెప్పించింది బరంపురం నుంచట, రాత్రి బస్సు డ్రైవరు చేతికిచ్చి.

కాశీనగర్_కుర్రాడు
బావమరిది ఏమంటున్నాడు?

మహేంద్రతనయ_గట్టు
మూడు వరసలు వేస్తే అసలు ఊడేదే కాదంటున్నాడు.

బోటీ_కొట్టు_రాజు
నల్లోడికి పూర్తిగా బాగయ్యాక కబురెట్టండి బాబూ, ఎముకలేకుండా మెత్తటి మాంసం పంపిస్తాను, డబ్బులొద్దు. ముందు ఆ టెంకలు ఎక్కడ పారేస్తన్నారో సెప్పండి.

మహేంద్రతనయ_గట్టు
మూతున్న డబ్బాలో. దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టాం.